కాయ కోసేవాళ్లు కిడ్నాపర్లు కాదు

నూజివీడు మామిడి తోటల్లో కోతలు మొదలయ్యాయంటే ఫోన్లలో ఆ వాయిస్ మెసేజ్ కూడా మొదలవుతుంది. "హిందీ మాట్లాడే ముఠా దిగింది, పిల్లల్ని ఎత్తుకెళ్లి కిడ్నీలు తీసేస్తోంది, కొత్తవాళ్లు కనిపిస్తే వదలొద్దు." ఒడిశా నుంచో బీహార్ నుంచో పనికొచ్చిన కుర్రాడు పప్పూ ఉప్పూ కొనుక్కోవడానికి ఊళ్లోకి రావాలన్నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రావలసిన పరిస్థితి తెస్తున్నది ఈ అబద్ధమే.

ఇది పాత అబద్ధం. 2018 మేలో "పార్థీ ముఠా" పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాకింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో పాలమూరు నుంచి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. ఆమె తెలుగు మనిషే. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు సంచారజాతి వాళ్లు ఇలాగే బలయ్యారు. అప్పట్లో అందరినీ భయపెట్టిన వీడియో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. బైకు మీద వచ్చినవాళ్లు పిల్లాణ్ణి ఎత్తుకుపోయి, వెంటనే తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. దింపే ముక్కను ఎవరో కోసేశారు. మిగతాది జనం నమ్మేశారు.

కిడ్నీ సంగతి కూడా తేల్చుకుందాం. ఒకరి కిడ్నీ ఇంకొకరికి పెట్టాలంటే రక్తం గ్రూపు కలవాలి, కణజాల పరీక్షలు జరగాలి, ఆపరేషన్ థియేటరు, సర్జన్లు, మత్తు డాక్టరు సిద్ధంగా ఉండాలి. తీసిన కిడ్నీని చల్లగా భద్రపరిచి గంటల్లో అమర్చాలి. ఇదంతా తోటలో చెట్టు కింద ఎలా జరుగుతుంది? కిడ్నీ దందాలు బయటపడ్డ ప్రతిచోటా ఆస్పత్రులు, దళారులు ఉన్నారు. కాయలు కోసే కూలీలు కాదు.

ఈ వలస కూలీల మీద వేసే ఇంకో నింద, "రెండు చోట్లా రేషన్ తింటున్నారు" అన్నది కూడా తప్పు. ఆధార్‌తో ఇక్కడ తీసుకుంటే ఆ నెల కోటాలో అక్కడ అంత తగ్గిపోతుంది. వాళ్ల పిల్లలకు కాగితాలు లేవని బడిలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టానికే విరుద్ధం.

వాళ్లొచ్చాక కూలి పెరగడం లేదన్న మాటలో మాత్రం కొంత నిజముంది, ఒప్పుకోవాలి. కానీ అడ్వాన్సు చేతిలో పెట్టి తక్కువకు కుదుర్చుకునేది మేస్త్రీ, అందుకు ఒప్పుకునేది తోట పట్టినవాడు. కోపం అక్కడ చూపించండి. స్థానికులకూ వలసవచ్చినవాళ్లకూ ఒకే కూలి ఇమ్మని అడగండి. అప్పుడు స్థానికుల కూలి నిలబడుతుంది.

తోట యజమానులు చేయవలసింది ఇంకొంత ఉంది. వచ్చిన ప్రతి మనిషి పేరు, ఆధార్ వివరాలు, ఇంటి ఫోన్ నంబరు మొదటిరోజే రాసిపెట్టుకోండి. ఫలానావాళ్లు మా తోటలో ఉన్నారని పంచాయతీకి, పోలీసులకు చెప్పండి. 2018లో జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ ఒక పోలీసును కేటాయించి, జానపద కళాకారులతో పాటలు పాడించి ఈ పుకారును ఎదుర్కొన్నారు. అక్కడ ప్రాణాలు నిలిచాయి.

మన శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పడవల మీద పనిచేస్తున్నారు. అక్కడ పరాయి భాష వాళ్లు మనవాళ్లే.

అనుమానం వస్తే 112కి, పిల్లల విషయమైతే 1098కి ఫోన్ చేయండి. మనిషిని పట్టుకుని చెట్టుకు కట్టేయకండి. ఆ వాయిస్ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే ఊరుకోకండి, అది అబద్ధమని అదే గ్రూపులో రాయండి.