నిద్ర మానితే ర్యాంకు వస్తుందా?

డిగ్రీ పూర్తయింది. ఎం.బి.ఏ.లో చేరాలని మీ కోరిక. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో మీ గదిలో రాత్రి ఒంటిగంట దాటినా లైటు ఆరదు. "మావాడు రాత్రంతా చదువుతూనే ఉంటాడండీ" అని అమ్మ పక్కింటివాళ్ళతో గర్వంగా చెబుతుంది. మీకేమో పగలంతా తలబరువు, కళ్ళమంట, చిరాకు. చదివింది బుర్రకెక్కడం లేదన్న భయంతో మర్నాడు మరో గంట నిద్ర తగ్గిస్తారు. రోగానికి మందని అనుకుంటూ రోగాన్నే పెంచుతున్నారన్నమాట!

బట్టీ పరీక్ష కాదు

ముందు ఈ పరీక్షల తీరు చూడండి. మన రాష్ట్రంలో ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. సీట్ల కోసం రాసే ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు. అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. ఐ.ఐ.ఎం.లలో ప్రవేశానికి రాసే క్యాట్ ఇటీవలి సంవత్సరాల్లో 2 గంటల పరీక్ష. మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. 2015లో మొదలైన విశాఖపట్నం ఐ.ఐ.ఎం.లో ఎం.బి.ఏ.కి కూడా దారి ఇదే. ఐసెట్‌లో తప్పు రాస్తే మార్కు పోదు. క్యాట్‌లో మాత్రం ఇచ్చిన జవాబుల్లోంచి తప్పుది ఎంచుకుంటే ఒక మార్కు కోత.

రెండింటిలోనూ లెక్కలు, తర్కం, చదివి గ్రహించడమే ముఖ్యం. కావలసింది చురుకైన మెదడు. నిద్ర చాలకపోతే మొదట దెబ్బతినేది ఆ చురుకుదనమే. "కానిది ఏది?" అన్న ప్రశ్నను "అయినది ఏది?" అని చదివేస్తారు. మీకు వచ్చిన లెక్కే తప్పవుతుంది.

నిద్ర ఎంత కావాలి?

మీ వయసువారికి రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర అవసరం. పగలు నేర్చుకున్న విషయాలను మెదడు పదిలపరచుకునేది ఎక్కువగా నిద్రలోనే. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవారి పనితీరంతగా మందగిస్తుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. తెల్లవారుజామున 5 గంటలకు లేచినవారికి రాత్రి 10కే ఆ 17 గంటలు నిండుతాయి. ఆ తర్వాత చేసే లెక్కల సంగతి మీరే ఊహించుకోండి.

కాఫీ తాగితే? తాగిన 5 గంటల తర్వాత కూడా అందులోని కెఫీనులో దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి సాయంత్రం నుంచి మానండి. నిద్ర రాకుండా చేసే టాబ్లెట్లు స్నేహితులు ఇచ్చినా తీసుకోవద్దు. గుండెదడ, ఆందోళన పెరుగుతాయి. కొన్ని అలవాటుగా మారి వదలవు.

కళ్ళు, రక్తం

రెండు పరీక్షలూ కంప్యూటరు మీదే. తెరకేసి చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం బాగా తగ్గి కళ్ళు పొడిబారతాయి. ప్రతి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లపాటు చూడండి. పెరట్లో కొబ్బరిచెట్టు చాలు! అయినా తలనొప్పి వదలకపోతే కళ్ళు పరీక్ష చేయించుకోండి.

చాలినంత నిద్రపోయినా నీరసంగా ఉంటే రక్తపరీక్ష అవసరం. ఆడపిల్లల్లో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత ఉన్నట్లే. ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, చేపలు తినండి. కూరలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం వెంటనే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది.

పరీక్షకు వెళ్ళేముందు

క్యాట్ సాధారణంగా నవంబరు చివర్లో జరుగుతుంది. మన తీరానికి అది తుపానుల కాలం. 1996 నవంబరు 6 నాటి తుపానును కోనసీమ ఎలా మరిచిపోతుంది? కేంద్రం దూరాన పడితే తెల్లవారుజాము బస్సును నమ్ముకోకుండా ముందురోజే ఆ ఊరు చేరండి. రాత్రి నిద్రా దక్కుతుంది. వారం ముందునుంచే పరీక్ష వేళకు మాదిరి పరీక్ష రాయడం అలవాటు చేసుకోండి. ఆ ఉదయం ఇడ్లీవంటి అలవాటైన తేలిక ఆహారమే తినండి. హాల్లో గుండె దడదడలాడితే పెన్ను పక్కన పెట్టి, నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. అయిదారుసార్లు చేస్తే చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట

ఈ పరీక్షలు ఏటా వస్తాయి. మీ బిడ్డ ఆరోగ్యం అలా మళ్ళీ మళ్ళీ రాదు. పిల్లలు తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, "నేనెందుకూ పనికిరాను" అంటున్నా అది బద్ధకమని తిట్టకండి. దగ్గర కూర్చోబెట్టుకుని ఏమిటని అడగండి. "చచ్చిపోతే బాగుండు" అన్న మాట వినబడితే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే సలహా ఇస్తారు.

ఈ రాత్రి 10 గంటలకు పుస్తకం మూసి పడుకోండి. మిగిలిన లెక్కలు పొద్దున్నే చేసి చూడండి.