మీకు తెలుసా? ఓడ పాఠాలు మన పక్కనే!

పదో తరగతి పాసయ్యారా? ఓడ ఇంజిను విప్పి బిగించే చదువు మన పక్కనే ఉంది! విశాఖలో చేపల ఓడల పని నేర్పే సిఫ్‌నెట్ కేంద్రం 1981 నుంచీ ఇదే పని మీద ఉంది. ఇంజిన్ల కోసం మెరైన్ ఫిట్టర్ కోర్సు. ఓడ నడపడానికి వెసెల్ నావిగేటర్ కోర్సు. ఏదైనా రెండేళ్లే! భావనపాడులో, బారువలో, ముక్కాంలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? గుజరాత్ వేరావల్ బోట్ల మీద కూలికి పోయే మన కుర్రాళ్లకు అందరికంటే ముందు తెలియాలి!

నీళ్లలో శబ్దం వేగం ఎంతో చెప్పుకోండి! సెకనుకు దాదాపు 1,500 మీటర్లు! గాలిలో కంటే నాలుగు రెట్లు పైనే! లోతు కొలిచే ఎకో సౌండర్ కిటుకు ఇదే. పడవ అడుగు నుంచి ఓ చిన్న ‘టక్’. అది సముద్రం నేలకు తగిలి వెనక్కొస్తుంది. సెకనులో పదో వంతు సమయంలో వచ్చేసిందా? అంటే 150 మీటర్లు తిరిగింది. పోవడానికి సగం, రావడానికి సగం. లోతు 75 మీటర్లు! హైస్కూలు లెక్కే! ఒకప్పుడు సీసం కట్టిన తాడు జారవిడిచి, తడిసినంత మేర కొలుచుకునేవారు.

అర కిలోమీటరు పొడవు నీళ్ల తొట్టి చూశారా? విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఉంది. సరిగ్గా 500 మీటర్లు! ఈత కొట్టడానికి కాదండోయ్, ఓడల నమూనాల కోసం! నమూనాను పట్టాల మీద నడిచే బండికి తగిలించి నీళ్లలో లాగుతారు. నీరు ఎంత అడ్డుపడుతోందో కొలుస్తారు. అసలు ఓడకు ఎంత ఇంజిను కావాలో అక్కడే తేలిపోతుంది. ఒక్క ఇనప రేకు కోయకముందే!

ఓడలు డిజైన్ చేయడానికీ బీటెక్ ఉంది! 2008లో పుట్టిన ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ విశాఖలోనే ఉంది. విజయనగరం నుంచి ఎంత దూరమని!

శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు! మూలపేటలో పోర్టు పని మొదలైంది. పోర్టంటే క్రేన్లు, టగ్గులు, డ్రెడ్జర్లు. వాటి మీద మన జిల్లా పిల్లలే నిలబడాలి. వాళ్లకా పని నేర్పాల్సింది ఇప్పుడే!

మన కోస్తా రేవుల్లో అలలు దాటించి సరుకు మోసిన మసులా పడవల్లో మేకులెన్నో తెలుసా? సున్నా! పలకలన్నీ కొబ్బరి తాడుతో కుట్టినవే. అల గట్టిగా కొడితే పడవ కాస్త వంగేది, పగిలేది కాదు! ఆ కుట్టుపని పాతబడిపోయిందనుకోకండి. తాడుతో కుట్టిన కౌండిన్య అనే ఓడ 2025లో మన నౌకాదళంలో చేరింది! దాని నమూనాను నీళ్లలో పరీక్షించింది మద్రాస్ ఐఐటీ ఓషన్ ఇంజినీరింగ్ విభాగం. తాతల చేతి విద్య, మనవల ప్రయోగశాల! నాకైతే ఇదే అన్నిటికంటే గొప్ప వింత.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సముద్ర పాఠాలు చెప్పడానికి అమెరికా నుంచి ఓ శాస్త్రవేత్త వచ్చారు! పేరు ఈ. సి. లాఫాండ్. ఏడాది 1952! ఆ రోజుల్లో మన విద్యార్థులు నౌకాదళం ఓడలెక్కి బంగాళాఖాతాన్ని స్వయంగా కొలిచారు!

విశాఖ ఆర్కే బీచ్‌లో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ సముద్రాల్లో ఎంత తిరిగిందో తెలుసా? 73,500 నాటికల్ మైళ్లు! భూమిని మూడుసార్లు చుట్టినా ఇంకా మిగులుతుంది! ఈసారి ఎక్స్‌కర్షన్‌కు వెళితే ఫొటోలు దిగి వచ్చేయకండి. లోపల దారి చూపించేది నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లే. ఏ వాల్వు ఎందుకో, ఇంజిను గాలి ఎక్కడిదో, మునిగినప్పుడు బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో పట్టుబట్టి అడగండి!