‘ట్యాకిల్’ పక్కన ఏ మాటలు వాడాలి?

ఈ రోజు మన మాట ‘ట్యాకిల్’. కబడ్డీ చూసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. 2014లో ప్రో కబడ్డీ మొదలైన దగ్గర్నుంచీ టీవీలో వింటూనే ఉన్నాం. రైడర్‌ని డిఫెండర్లు పట్టి ఆపితే ట్యాకిల్. కోర్టులో ముగ్గురో, అంతకంటే తక్కువమందో మిగిలి ఉన్నప్పుడు పట్టేస్తే సూపర్ ట్యాకిల్, ఒక పాయింట్ అదనం.

వచ్చినవాణ్ణి చూసి తప్పుకోకుండా ఎదురెళ్లి పట్టుకోవడం. సమస్యల విషయంలో కూడా ట్యాకిల్ అంటే ఇదే.

ముందు ఆటల్లో వచ్చే జతలు చూద్దాం. ‘మేక్ ఎ ట్యాకిల్’ అంటారు, ‘డూ ఎ ట్యాకిల్’ అనరు. ఫుట్‌బాల్‌లో నేలమీద జారుతూ వెళ్లి బంతిని లాగేస్తే ‘స్లైడింగ్ ట్యాకిల్’. రగ్బీలో భుజాలకి పైన పట్టుకుంటే ‘హై ట్యాకిల్’. అది ఫౌల్.

ఇక సమస్యలు. ‘ట్యాకిల్ ఎ ప్రాబ్లమ్’, ‘ట్యాకిల్ ఎన్ ఇష్యూ’, ‘ట్యాకిల్ క్రైమ్’, ‘ట్యాకిల్ పావర్టీ’, ‘ట్యాకిల్ అన్‌ఎంప్లాయ్‌మెంట్’. ఇవి పేపర్లో రోజూ కనిపించేవే. సమస్య మూలం దగ్గరికే వెళ్తే ‘ట్యాకిల్ ద రూట్ కాజ్’. నేరుగా ఎదుర్కొంటే చివర్లో ‘హెడ్ ఆన్’ చేర్చండి: ‘షి ట్యాకిల్డ్ ద ప్రాబ్లమ్ హెడ్ ఆన్.’

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. తెలుగులో ‘సమస్యతో పోరాడాం’ అంటాం కదా, ఆ ‘తో’ పట్టుకొచ్చి ‘ట్యాకిల్ విత్ ద ప్రాబ్లమ్’ అనేస్తారు. ఈ అర్థంలో ‘విత్’ అక్కర్లేదు. ‘విత్’ కావాలంటే ‘డీల్ విత్ ద ప్రాబ్లమ్’ అనండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు జాగ్రత్తగా వినండి. ట్యాకిల్, సాల్వ్ ఒకటి కాదు. ట్యాకిల్ అంటే సమస్య మీదకి దిగడం. సాల్వ్ అంటే తేల్చేయడం. కబడ్డీ లెక్కల్లో కూడా సక్సెస్‌ఫుల్, అన్‌సక్సెస్‌ఫుల్ ట్యాకిల్స్ అని విడివిడిగా రాస్తారు. పట్టుకోవడానికి వెళ్లినంత మాత్రాన రైడర్ ఔట్ అయినట్టు కాదు మరి!

మీ ప్రాజెక్టులో ఒక లోపాన్ని మీరే పూర్తిగా సరిచేశారనుకోండి. ‘ఐ ట్యాకిల్డ్ ఇట్’ అని ఆపేస్తే, ‘సరే, చివరికి ఏమైంది?’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది. మీరు చేసిన పని మీరే తగ్గించి చెప్పుకున్నట్టు. ‘ఐ ట్యాకిల్డ్ ఇట్ అండ్ సాల్వ్డ్ ఇట్ ఇన్ టూ డేస్’ అంటే లెక్క పూర్తవుతుంది. పని ఇంకా నడుస్తుంటే మాత్రం ‘సాల్వ్డ్’ అనకండి. ‘వి ఆర్ ట్యాకిలింగ్ ఇట్’ అంటేనే నిజం.

ఇంకో చిన్న విషయం. ‘ఫిషింగ్ ట్యాకిల్’ అని కనిపిస్తే కంగారు పడకండి. అక్కడ అర్థం సామాను: గాలాలు, దారాలు, చేపలు పట్టే సరంజామా.

ఈ వారం మీరు తప్పించుకు తిరుగుతున్న పని ఏదో ఒకటి ఉంటుంది కదా. దానిమీద ‘ట్యాకిల్’తో ఒక వాక్యం రాసుకోండి. పని అయిపోయాక అదే వాక్యంలో ‘సాల్వ్డ్’ పెట్టండి. తేడా మీకే అర్థమవుతుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.