అక్షరాస్యత అంటే ఎంత? మా సారు మార్చుకున్న లెక్క

హాస్టల్లో చదివిన వాళ్లెవరికైనా సాయంత్రం స్టడీ అవర్ గుర్తుండే ఉంటుంది. జగిత్యాలలో ఆ గంటన్నర మా తెలుగు సారుది. రోజూ ఉక్తలేఖనం చెప్పేవారు. తప్పు పోయిన ప్రతి మాటనూ పదిసార్లు రాయించేవారు. "ఒత్తు రానోడు ఎన్ని తరగతులు చదివినా చదవనట్టేరా" అనేవారు. అప్పట్లో సారు దృష్టిలో అక్షరాస్యత అంటే అంతే, తప్పు లేకుండా రాయడం.

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మేము ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకరం జగిత్యాలలో, ఒకరం కోరుట్లలో, ఒకరం సిరిసిల్లలో, వేర్వేరు ఏళ్లలో ఆయన దగ్గర చదివినవాళ్లం. అప్పుడు తెలిసింది, అక్షరాస్యతకు ఆయన మూడు ఊళ్లలో ఒకే అర్థం చెప్పలేదని. తరగతి గదిలోకి ఒక్కో యంత్రం వచ్చినప్పుడల్లా ఆయన లెక్క కొంచెం మారింది. అదెలాగో ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనిపించింది.

ముందుగా సర్కారు లెక్క చూద్దాం. జనగణన ప్రకారం ఏడేళ్లు, అంతకు పైబడిన వారిలో ఏదైనా ఒక భాషను అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారే అక్షరాస్యులు. చదవడం వచ్చి రాయడం రాకపోతే ఆ లెక్కలోకి రారు. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి అక్షరాస్యులు నూటికి సుమారు 60 మంది. యునెస్కో కూడా 1958లో దాదాపు ఇదే చెప్పింది. 1978 నాటికి మాత్రం, తన బతుకులో, తన సమాజంలో జరగాల్సిన పనులకు ఆ చదువు ఉపయోగపడాలని జోడించింది. ఈ రెండో మాట సారుకు పుస్తకంలో ఎప్పుడో ఎదురైందట, కానీ పట్టించుకోలేదట.

జగిత్యాలలో మా బడికి కంప్యూటర్లు వచ్చిన ఏడు ఒక విచిత్రం జరిగింది. మాలో ఒకడు ఎప్పుడూ 'లక్ష్మి'ని 'లచ్చిమి' అనే రాసేవాడు, ఇంట్లో అట్లనే పిలుస్తారు గనుక. వాడి కాగితం నిండా ఎర్రసిరానే. అదే పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చుని ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వరసగా ఏడు గుర్తులు కొట్టి, తెర మీద 'లక్ష్మి'ని చూపించాడు. సారు నిలబడిపోయారు. "ఎట్ల చేసినవ్‌రా?" అన్నారు. "సార్, ఒత్తు అంటే కొత్త అక్షరం కాదు. పొల్లు పెట్టినంక వచ్చే అక్షరమే కిందికి దిగుతది" అన్నాడు వాడు. ఏళ్ల తరబడి ఉక్తలేఖనంతో వాడికి చెప్పలేకపోయిన సంగతి అది.

దీని వెనుక ఉన్నది యూనికోడ్. అందులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. 'క'కు 3093, పొల్లుకు 3149. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండడంతో మామూలు కంప్యూటర్లోనూ ఇలా రాసే వీలు కలిగింది. అంతకుముందు నుంచీ డీటీపీ సెంటర్లలో వాడుతున్న ఫాంట్ల సంగతి వేరు. లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలు, పైన తొడిగింది తెలుగు రూపం. అందుకే ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేవి. పాత సంచికలు అచ్చు వేయించిన అన్నలకు ఈ బాధ బాగా తెలుసు.

కంప్యూటర్‌తో పెద్దలకు చదువు చెప్పే ప్రయత్నం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. టీసీఎస్ సంస్థ ఎఫ్.సి.కోహ్లీ ఆలోచనతో 2000లో మెదక్ జిల్లా బీరంగూడలో దాన్ని ప్రారంభించింది. పక్కన పడేసిన పాత కంప్యూటర్లనే వాడారు. అ ఆలతో కాకుండా, మొత్తం మాటను బొమ్మతో, శబ్దంతో చూపించి సుమారు 40 గంటల్లో చదవడం నేర్పాలన్నది లక్ష్యం. రాయడం మీద అంత పట్టు లేదు. అంటే అక్కడ కూర్చుని బస్సు బోర్డు, రేషన్ కార్డు చదవడం నేర్చిన మనిషి కూడా జనగణన లెక్కలో నిరక్షరాస్యుడే! సారుకు అప్పట్లో ఈ పద్ధతి నచ్చలేదు. "రాయనోడిది ఏం చదువు?" అనేవారు.

కోరుట్లకు బదిలీ అయ్యాక ఆ మాట అనడం తగ్గించారు. కోరుట్ల సంగతి తెలిసిందే, గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడకట్టు ఉండదు. 2016 నవంబర్‌లో రాష్ట్రంలోని ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. ప్రొజెక్టర్ వచ్చాక సారు ఎవరి ఇంట్లో ఏ కాగితం ఉంటే అది తెమ్మని తెర మీద చూపించి చదివించేవారు. కరెంటు బిల్లు, పట్టాదారు పాస్‌బుక్, మందుల చీటీ. ఒకరోజు మా జతగాడు వాళ్ల బాపు వీసా నకలు తెచ్చాడు. సగం అరబ్బీ, సగం ఇంగ్లిషు. అందరం కలిసి ఒక్కో మాట కూడబలుక్కుని చదివాం. కంపెనీ వీసా అని చెప్పి డబ్బు తీసుకున్నారు గానీ, తెర మీద ఉన్న మాట 'విజిట్'. చూడటానికి పోయేవారి వీసా మీద పనిచేస్తే అక్కడి చట్టం ముందు దొంగలెక్కే. వాళ్ల బాపు ఆగిపోయాడు. కట్టిన డబ్బు మాత్రం సగమే తిరిగొచ్చింది.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి. పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం నుంచి వలస అనుమతి తీసుకోవాలి. పాసైతే అక్కర్లేదు. సర్టిఫికెట్ ఉన్నవాడు తన కాగితం తాను చదువుకోగలడని చట్టం నమ్మకం. కానీ ఆ రోజు 'విజిట్' అన్న మాటను పట్టింది ఇంకా పది పాస్ కాని పిల్లలు. ఆ సాయంత్రం సారు మాతో, మన గురించి ఇంకొకరు రాసింది మనం సరిచూసుకోగలగాలి, అక్షరాస్యత అక్కడ మొదలవుతుందని అన్నారు.

మాకు అది మరోసారి అనుభవమైంది. ఇంటర్‌లో ఈ-పాస్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసినప్పుడు ఒక నెట్ సెంటర్‌లో బ్యాంకు ఖాతా నంబరులో ఒక అంకె తప్పు కొట్టారు. ప్రింటు మా చేతికే ఇచ్చారు, మేమే చూసుకోలేదు. ఆ ఏడు డబ్బులు రాలేదు. తమ్ముళ్లూ, ప్రింటు తీసుకున్నాక అక్కడే నిలబడి అంకె అంకె చదువుకోండి. వెనక క్యూలో ఉన్నవాళ్లు కసురుకుంటే కసురుకోనీయండి.

ఇక సిరిసిల్ల. తెర మీద కంప్యూటర్ సున్నా, ఒకట్ల పాఠం నడుస్తున్నప్పుడు మాలో ఒకరం ఇంటి నుంచి చిల్లులు పెట్టిన అట్ట ముక్క తెచ్చాం. సిరిసిల్లలో ఎక్కువగా నేసేది సాదా పాలిస్టర్ గుడ్డే. కానీ మా తాత ఒకప్పుడు జకార్డ్ మగ్గం మీద అంచు డిజైన్లు నేసినవాడు. పేక ఒక్కసారి పోవడానికి ఒక అట్ట. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, ఆ పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జకార్డ్ తయారుచేసిన పద్ధతి ఇది. 1890లో అమెరికా జనాభాను హోలరిత్ యంత్రాలు లెక్కించింది కూడా చిల్లుల కార్డులతోనే. తాత సంతకం రాక వేలిముద్ర వేసేవాడు. అయినా అట్టల దొంతర చూసి ఏ వరసలో చిల్లు తప్పిందో చెప్పేవాడు. సారు ఆయనను తరగతికి పిలిపించి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మేము నేల మీద కూర్చున్నాం.

2020లో బడులు, హాస్టళ్లు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో పాఠాలు వచ్చాయి. అమ్మ బీడీలు చేస్తూ మాతోపాటు వినేది. సందేహం వస్తే సారు ఫోన్‌కు మాట రికార్డు చేసి పంపేది. "టీవీల ఒకటి చెప్పిండ్రు, మీరు ఇంకోటి చెప్పిండ్రు, ఏది నిజం సారు?" అని ఒకసారి అడిగింది. మా సారు తన పాఠమే దిద్దుకోవాల్సి వచ్చింది.

అయినా అమ్మకు చదువు వచ్చినట్టేనని ఆయన ఒప్పుకోలేదు. ఎంత ఆకు ఇచ్చారో, ఎన్ని బీడీలు లెక్కకు వచ్చాయో, ఎన్ని పనికిరావని పక్కన పెట్టారో రాసే పుస్తకం ఆమె చదవలేదు కదా అన్నది ఆయన మాట. ఫోన్ ఆ పుస్తకాన్ని సరిచూసి పెట్టదు. ఇప్పుడు రిటైరయ్యారు. ఆదివారం ఫోన్ చేసి "చెల్లె, ఈ వారం ఎన్ని మాటలు రాసినవ్?" అని అడుగుతారు. అమ్మ ఇంకా తప్పించుకుంటూనే ఉంది.