ఇచ్చాం సరే, పిల్లలకు చదువు వచ్చిందా? – బడి బాగుకు చర్యాత్మక పరిశోధన



ఏటా జూన్‌లో బడులు తెరిచే వేళకు మన పేటల్లో నోటు పుస్తకాలు, బ్యాగులు, యూనిఫారం గుడ్డలు పంచుతారు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులు ఇస్తారు. బందరు, గుడివాడ, దివిసీమ బడుల్లో పనిచేస్తున్న మేము ఆ మేలును కళ్ళారా చూసినవాళ్ళం. అయితే దాతల్లో ఒకరిద్దరు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇచ్చాం సరే మాస్టారూ, పిల్లలకు చదువు వచ్చిందా?"

నిజం చెప్పాలంటే, చాలాసార్లు మా దగ్గర జవాబు ఉండదు. ఎన్ని పుస్తకాలు పంచామో చెప్పగలం. వాటివల్ల ఏం మారిందో చెప్పలేం. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, దేశంలో 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. ఆ లెక్క దేశం మొత్తానిది. మన వీధి బడిలో ఏ పిల్లవాడు ఎందుకు వెనకబడ్డాడో అది చెప్పదు. దాన్ని బడిలోనే వెతికి తెలుసుకునే పద్ధతికి చర్యాత్మక పరిశోధన అని పేరు. బి.ఇడి.లో మేమంతా పరీక్ష కోసం చదివిన పాఠమే. దాని విలువ మాత్రం తరగతి గదిలోకి వచ్చాకే తెలిసింది.

పేరు పెద్దది, పని చిన్నది

మన డెల్టా రైతు కొత్త విత్తనం వచ్చిందని పొలమంతా ఒకేసారి చల్లడు. ఒక మడిలో వేసి చూస్తాడు. పక్క మడితో పోల్చుకుంటాడు. బాగుంటే మరుసటి ఏడు పెంచుతాడు, లేకపోతే మానేస్తాడు. చర్యాత్మక పరిశోధన అంటే ఉపాధ్యాయుడు తన తరగతిలో ఇదే పని చేయడం. ముందు ఒక సమస్యను స్పష్టంగా పట్టుకోవాలి. దానికి కారణాలు ఊహించడం కాదు, చూసి రాసుకోవాలి. ఒక చిన్న మార్పు ఆలోచించి కొన్ని వారాలు అమలు చేయాలి. ముందూ తరువాతా తేడా చూడాలి. ఫలితాన్ని బట్టి మార్పును సరిదిద్ది మళ్ళీ మొదలుపెట్టాలి.

ఈ మాటను ప్రచారంలోకి తెచ్చినవారు కర్ట్ లెవిన్. యూదుడైన ఆయన 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1946లో ఆయన ప్రచురించిన వ్యాసం చర్యాత్మక పరిశోధన గురించీ, మైనారిటీల సమస్యల గురించీ. అంటే ఈ పద్ధతి తొలినాళ్ళలోనే మనలాంటి సమాజాల ఇబ్బందులను దృష్టిలో పెట్టుకుంది. 1953లో స్టీఫెన్ కోరే దీన్ని బడులకు అన్వయిస్తూ పుస్తకం రాశారు. బడిని మార్చవలసింది బయటినుంచి వచ్చే నిపుణుడొక్కడే కాదు, అక్కడ పాఠం చెప్పే ఉపాధ్యాయులు కూడా అన్నది ఆయన వాదం.

మన రాష్ట్రంలోనూ ఇలాంటి అలవాటుకు పునాది ఉంది. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టి, తరగతి అనుభవాలను కలిసి చర్చించుకోవడం నేర్పింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడుపుతూ, వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఎవరి వేగంతో వారు నేర్చుకునేలా పాఠాలను కార్డులుగా, మెట్లుగా విడగొట్టారు. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటెలో మొదలైన 'నలి కలి'కి ఆ పని ప్రేరణ. మనకు మరీ దగ్గరలో, గుడివాడ పక్కన అంగలూరులో జిల్లా విద్యా శిక్షణ సంస్థ ఉంది. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడంతోపాటు ఇలాంటి పరిశోధనకు తోడ్పడటం కూడా ఈ డైట్‌ల బాధ్యతే.

బందరులో 'కల్లు' – 'కళ్ళు'

బందరులో మేము పనిచేసిన ఒక ప్రాథమిక బడిలో నాలుగో తరగతి పిల్లలు తెలుగు డిక్టేషన్‌లో పదేపదే తప్పులు రాసేవారు. "నాకు రెండు కల్లు ఉన్నాయి" అని రాసిన పుస్తకం చూసి స్టాఫ్ రూములో నవ్వుకున్నాం. పిల్లలకు శ్రద్ధ లేదు, ఇంట్లో చదివించరు అనుకున్నాం. దాతలిచ్చిన నోటు పుస్తకాల్లో తప్పు రాసిన ప్రతి మాటా పదిసార్లు రాయించాం. చూసి రాసినప్పుడు అందరూ సరిగానే రాశారు. వారం తరువాత డిక్టేషన్ పెడితే మళ్ళీ అవే తప్పులు. పుస్తకాలు అయిపోయాయి, సమస్య అలాగే ఉంది.

అప్పుడు కూర్చుని తప్పులను వరసగా రాసుకున్నాం. కళ్ళు, నీళ్ళు, గోళ్ళు, పళ్ళెం, అణువు, గుణం. ఎక్కువ తప్పులు 'ళ', 'ణ' దగ్గరే. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాల పిల్లలకు ఈ తప్పు రావడం లేదు. ఒక తల్లిని అడిగితే, "ఇంట్లో మేము ఉర్దూనే మాట్లాడతాం సార్, తెలుగు బడిలోనే కదా" అన్నది. ఉర్దూలో ఈ రెండు ధ్వనులూ విడిగా లేవు. పిల్లల చెవికి తేడా అందకపోతే చేయి ఎలా రాస్తుంది? లోపం శ్రద్ధలో లేదు. మేము నేర్పిన తీరులో ఉంది.

ఈసారి రాయించడం ఆపి వినిపించడం మొదలుపెట్టాం. పాత క్యాలెండరు అట్టలతో బొమ్మల కార్డులు చేశాం. టీచరు 'నీళ్ళు' అనగానే కార్డు ఎత్తడం, నాలుక ఎక్కడ తగులుతుందో గమనించి పలకడం, జంటగా ఒకరు చెబితే ఒకరు రాయడం. రోజుకు పదిహేను నిమిషాలు, ఆరు వారాలు. ప్రతి శుక్రవారం చిన్న డిక్టేషన్ పెట్టి ఒక్కొక్కరి తప్పులు రాసుకున్నాం. చాలామంది బాగుపడ్డారు. నలుగురు మాత్రం ఉన్నచోటే ఉన్నారు. వారిని విడిగా గమనిస్తే, ఒక బాబుకు బోర్డు మీది అక్షరాలే సరిగా కనబడటం లేదని తెలిసింది. వాడికి కావలసింది ఇంకో నోటు పుస్తకం కాదు, కళ్ళజోడు. మిగతా ముగ్గురికి చదవడమే మొదటినుంచి నేర్పవలసి వచ్చింది. ఆ పని ఆ ఏడాదిలో పూర్తి కాలేదు.

గుడివాడలో శుక్రవారం, దివిసీమలో కోతలు

గుడివాడలో మా సహోపాధ్యాయుల బడిది వేరే సంగతి. శుక్రవారం జుమా నమాజుకు వెళ్ళిన మగపిల్లలు మధ్యాహ్నం తిరిగి రావడం లేదు. ముందు మందలించారు, తల్లిదండ్రులకు చీటీలు పంపారు. ఫలితం లేదు. తరువాత పిల్లలనే ఒక్కొక్కరిని అడిగారు. మస్జిదు నుంచి వచ్చేసరికి మధ్యాహ్న భోజనం వడ్డన అయిపోతున్నదట. అన్నానికి ఇంటికి వెళ్ళినవారు అక్కడే ఉండిపోతున్నారు. ఆ ఒక్క రోజు వారి భోజనం విడిగా తీసి ఉంచారు, కథల పీరియడ్‌ను మధ్యాహ్నానికి మార్చారు. హాజరు పెరిగింది. దీనికి పైసా ఖర్చు కాలేదు.

దివిసీమలో నాట్ల రోజుల్లో, మళ్ళీ నవంబరు, డిసెంబరు సార్వా కోతల్లో కొందరు ఆడపిల్లలు బడికి రారు. పొలం పనికి వెళ్తున్నారని మేమంతా అనుకునేవాళ్ళం. నాగాయలంక వైపు ఒక టీచరమ్మ హాజరు పట్టీలో 'గైర్హాజరు' పక్కన కారణం కూడా రాయడం మొదలుపెట్టింది. పొలానికి వెళ్తున్నది తల్లులు. పిల్లలు చెల్లినీ తమ్ముడినీ చూసుకుంటూ ఇంట్లో ఉంటున్నారు. ఆమె చిన్నపిల్లలను కూడా వెంట తెమ్మన్నది. కొందరు తెచ్చారు, కానీ తరగతిలో గోల ఎక్కువై పాఠం సాగలేదు. ఆ ప్రయత్నం విఫలమైంది. అయినా సమస్య ఎక్కడుందో తేలింది. ఆ రెండు నెలలూ వరండాలో పసిపిల్లలను చూసే ఒక ఆయా ఉంటే చాలు. ఇది దాతలు తీర్చగల అవసరం.

దాతలకు మా విన్నపం

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఒక తరగతిలో పనికొచ్చింది పక్క ఊళ్ళో పనికిరాకపోవచ్చు. ఒకే టీచరున్న బడిలో రాసుకునే తీరికే దొరకదు. పై అధికారిని మెప్పించడానికి మంచి అంకెలు వేసుకుంటే అది పరిశోధన కాదు, మోసం.

అందుకే కొన్ని మాటలు మనవి చేసుకుంటున్నాం. బడికి ఏదైనా ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి: మీ బడిలో ఏ సమస్య కోసం ఇది? అదే కారణమని ఎలా తెలుసుకున్నారు? మార్పు వచ్చిందో లేదో ఎలా చూస్తారు? సమాధానం ఒక పేజీలో రాసివ్వమనండి. పంపిణీకి పెట్టే సొమ్ములో కొంత భాగం ఇలాంటి చిన్న ప్రయత్నాలకు కేటాయించండి. కార్డులు, కథల పుస్తకాలు, కంటి పరీక్ష, రెండు నెలల ఆయా జీతం లాంటివి. జకాత్ సొమ్ము దాని హక్కుదారులకే చేరాలి గనుక, ఈ ఖర్చులకు సదఖా, సాధారణ విరాళాలు వాడటం మేలు. సందేహముంటే ఆలిములను అడగండి. మన సమాజంలోని రిటైరైన ఉపాధ్యాయులు నెలకోసారి బడికి వచ్చి, తప్పులు వెతకడానికి కాకుండా తోడు ఆలోచించడానికి కూర్చుంటే మాకు కొండంత బలం. సభల్లో వెనకబడిన పిల్లల పేర్లు చదవవద్దు, ఫొటోలు వేయవద్దు. వారి గౌరవం కూడా మన చేతిలో ఉన్న అమానతే.

అన్నిటికంటే ముఖ్యమైనది, "ఇది ఫలించలేదు" అని ఏ ఉపాధ్యాయుడైనా నిజాయితీగా చెబితే సాయం ఆపవద్దు. ఆ మాట చెప్పగల బడే రేపు బాగుపడుతుంది. అంతా బాగుందని రాసిచ్చే బడిలో, బోర్డు కనబడని బాబు వెనక బెంచీలోనే ఉండిపోతాడు.

మీ విరాళం అమానత్ అయితే, దానికి లెక్క చెప్పడం మా బాధ్యత. ఎన్ని పంచామన్నది సగం లెక్కే. పిల్లలకు ఏం వచ్చిందన్నది కలిస్తేనే అది పూర్తవుతుంది. ఇన్షా అల్లాహ్, వచ్చే సంచికలో మరికొన్ని బడుల అనుభవాలు, గెలిచినవీ ఓడినవీ కూడా, మీ ముందుంచుతాం.