చదువరి చేయవలసిన పని: కళాశాల విద్యార్థుల క్రియాశీల పఠన వ్యూహాలు

ఉపోద్ఘాతం:

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట తెలుగు విద్యార్థి లోకానికి చిరపరిచితమైన ప్రాంతం. మైత్రీవనం పరిసరాల్లోని కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు ఉభయ తెలుగు రాష్ట్రాల జిల్లాల నుండి వచ్చే విద్యార్థులకు, పట్టభద్రులకు నెలవుగా ఉన్నాయి. ఇక్కడి జిరాక్స్ దుకాణాల్లో స్పైరల్ బైండింగుతో దొరికే ‘రన్నింగ్ నోట్స్’ చాలామందికి పాఠ్యగ్రంథం స్థానాన్ని ఆక్రమించింది. అధ్యాపకుడు చెప్పినదాన్ని ఒకరు రాసుకోగా, దాని నకళ్లను అనేకులు చదువుతారు. ఏది ముఖ్యమో ఎంచడం, దాన్ని ఒక క్రమంలో పెట్టడం, సంక్షేపించడం అనే మూడు పనులూ అందులో ముందే పూర్తయి ఉంటాయి. నిజానికి పఠనమంటే ఆ మూడు పనులే. వాటిని విద్యార్థి చేతికి తిరిగి అప్పగించే పద్ధతులనే క్రియాశీల పఠన వ్యూహాలు అనవచ్చు.

రెండు సంప్రదాయాలు:

అమెరికన్ మనోవిజ్ఞానవేత్త ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లో ‘ఎఫెక్టివ్ స్టడీ’ అనే గ్రంథంలో ‘ఎస్‌క్యూ3ఆర్’ పద్ధతిని వివరించారు. అధ్యాయాన్ని పైపైన పరిశీలించడం, శీర్షికలను ప్రశ్నలుగా మార్చుకోవడం, సమాధానం కోసం చదవడం, పుస్తకం చూడకుండా చెప్పుకోవడం, సమీక్షించడం అనేవి ఇందులోని ఐదు దశలు. భారతీయ శాస్త్ర సంప్రదాయం కూడా వ్యాఖ్యానానికి ఐదు లక్షణాలు చెప్పింది. అవి పదచ్ఛేదం, పదార్థ కథనం, విగ్రహం, వాక్యయోజన, ఆక్షేప సమాధానం. మొదటి పద్ధతి గ్రంథ నిర్మాణం నుండి వివరాలకు వస్తుంది. రెండవది పదం నుండి ఆక్షేపం వరకు సాగుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఆంగ్ల గ్రంథాలను ఎదుర్కొనే విద్యార్థికి ఈ రెండూ అవసరమే. వాక్యం అన్వయం కాకుండా ప్రశ్న పుట్టదు. ప్రశ్న లేకుండా చదివిన వాక్యం ఎక్కువ కాలం నిలవదు.

ఒక ఉదాహరణ:

పోటీ పరీక్షలకు చదివే తెలంగాణ చరిత్రలో సాలార్‌జంగ్ సంస్కరణలు ముఖ్యాంశం. నోట్స్‌లో ‘1853 – దివాన్, 1865 – జిలాబందీ’ అని ఉంటే విద్యార్థి రెండు సంవత్సరాలను కంఠస్థం చేస్తాడు. క్రియాశీల పాఠకుడు మాత్రం ‘రాజ్యాన్ని జిల్లాలుగా విభజించవలసిన అవసరం ఎందుకు కలిగింది?’ అని అడుగుతాడు. అప్పుడు శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతి, దాని స్థానంలో జీతం పొందే అధికారుల నియామకం, ఆ అధికారులకు నిర్దిష్ట పరిధి ఉండవలసిన ఆవశ్యకత ఒకదానితో ఒకటి ముడిపడతాయి. సంవత్సరం ఆ కారణ శృంఖలలో ఒక కొక్కెంగా మిగులుతుంది.

ధారణ – ప్రయోగ ఫలితాలు:

మళ్లీ మళ్లీ చదివితే విషయం వచ్చేసినట్లు అనిపించడానికి కారణముంది. 2006లో రోడిగర్, కార్పికే కళాశాల విద్యార్థులపై జరిపిన ప్రయోగంలో ఒక బృందం గద్యభాగాన్ని నాలుగు విడతలు చదివింది. మరొక బృందం ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తుచేసుకొని రాసింది. ఐదు నిమిషాల తరువాత మొదటి బృందం 83 శాతం, రెండవది 71 శాతం విషయాన్ని చెప్పగలిగాయి. వారం తరువాత మొదటి బృందానికి 40 శాతమే గుర్తుండగా, రెండవ బృందానికి 61 శాతం గుర్తుంది. తక్షణ ఫలితాన్ని బట్టి అభ్యాస పద్ధతిని ఎంచుకోవడం ఎంత ప్రమాదకరమో ఈ తారుమారు చెబుతుంది. 2013లో డన్‌లాస్కీ బృందం పది అభ్యసన పద్ధతులను సమీక్షించి, గీతలు గీయడం, తిరిగి చదవడం స్వల్ప ప్రయోజనకరాలని, స్వీయపరీక్ష, ఎడం ఇచ్చి చదవడం అధిక ప్రయోజనకరాలని తేల్చింది.

ఆచరణ:

ఈ వ్యూహాలకు ఖర్చు లేదు. అధ్యాపకుడు పాఠానికి ముందు శీర్షికపై రెండు ప్రశ్నలు రాయించవచ్చు. చివరి ఐదు నిమిషాల్లో పుస్తకాలు మూయించి సారాంశం రాయించవచ్చు. వారం తరువాత అదే ప్రశ్న మళ్లీ అడగవచ్చు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కిన విద్యార్థి తరువాతి స్టేషనైన పంజాగుట్ట చేరేలోపు, అంతకుముందు చదివిన పేజీలోని వాదాన్ని నోట్స్ తెరవకుండా మననం చేసుకోవచ్చు. గుర్తురాని చోటే మళ్లీ చదవవలసిన చోటు.

ముగింపు:

రన్నింగ్ నోట్స్ పూర్తిగా నిరుపయోగమని చెప్పలేము. సొంతంగా చదివి రాసుకున్న సారాంశాన్ని దానితో పోల్చుకుంటే, వదిలేసిన అంశాలు బయటపడతాయి. స్వీయ పఠనానికి బదులుగా దాన్ని వాడినప్పుడే చిక్కు. వ్యాసరూప పరీక్షలో, మౌఖిక పరీక్షలో, రేపటి పరిశోధనలో ఎదురయ్యే ప్రశ్న నోట్స్‌లో ఉండకపోవచ్చు. అప్పుడు విద్యార్థికి అక్కరకు వచ్చేది తానుగా ప్రశ్నించి చదివిన అలవాటే. ఆ అలవాటును తరగతి గదిలోనే నాటడం కళాశాల అధ్యాపకుల బాధ్యత.