దీర్ఘకాలిక పీనసము – శస్త్రచికిత్స

ముక్కునకు ఇరుప్రక్కల, కనుబొమల వెనుక, కన్నుల నడుమ, పుఱ్ఱె లోతునను గాలితో నిండిన గుల్లలు నాలుగు జతలు కలవు. వీనికి సైనసులని పేరు. వీని లోపలి పొరపైనున్న సూక్ష్మరోమములు ఎడతెగక కదలుచు, శ్లేష్మమును సన్నని ద్వారముల గుండ ముక్కులోనికి త్రోయుచుండును. పొర వాచి ద్వారములు మూసికొన్నచో శ్లేష్మము లోపలనే నిలిచి చెడును. ఈ స్థితి 12 వారములు, అంతకు మించి యున్నచో దీర్ఘకాలిక పీనసమందురు.

ఇది అరుదైన వ్యాధి కాదు. 2011లో ప్రకటితమైన యూరపు పరిశీలనలో నూటికి సుమారు 11 మంది తమకీ లక్షణములు కలవని తెలిపిరి. దుమ్ము, పొగ ముక్కు పొరను రేపి బాధను హెచ్చించును. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల తెలుగువారు హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు వలసపోయిరి. బడ్జ్ బడ్జ్ అట్టి మిల్లుల పట్టణము. నారను ఏకుచోట దుమ్ము మిక్కుటము. అయినను, మిల్లు పనివానికి ముక్కు దిబ్బడ సహజమేయని ఊరకుండరాదు.

లక్షణములు

ముక్కు దిబ్బడ, చిక్కని చీమిడి, ముఖమున బరువు, వాసన తెలియకుండుట ముఖ్యములు. తలనొప్పి యొక్కటియే యున్నచో అది పీనసమని తలపరాదు. ఒక ప్రక్కనే దుర్గంధముగాని, రక్తముగాని వచ్చినచో జాగు చేయక వైద్యునకు చూపవలెను.

మొదటి చికిత్స

కాచి చల్లార్చిన నీటిలో వైద్యుడు చెప్పిన పాళ్లలో ఉప్పు కలిపి ముక్కును కడుగవలెను. వైద్యుడిచ్చిన స్టెరాయిడ్ స్ప్రేను వారముల తరబడి విడువక వాడవలెను. దిబ్బడ తీయు చుక్కల మందును కొలది దినములకు మించి వాడినచో దిబ్బడ మఱింత హెచ్చును.

శస్త్రచికిత్స

మందులతో గుణము కానిచో శస్త్రచికిత్స యవసరము కావచ్చును. 1893లో న్యూయార్కున కాల్డ్వెల్, 1897లో పారిసున లూక్ తెలిపిన పూర్వ పద్ధతిలో పైపండ్ల చిగురు మీదుగా కోసి, చెంప గుల్లలోని పొరను తీసి, దిగువన క్రొత్త రంధ్రము చేసెడివారు. కాని రోమములు శ్లేష్మమును సహజద్వారము వైపునకే నడపునని ఆస్ట్రియా వైద్యుడు మెస్సర్‌క్లింగర్ ఎండోస్కోపుతో చూపెను. అందుచే 1980 తరువాత సహజద్వారమునే తెఱచు పద్ధతి వ్యాపించెను. ముఖముపై కోత యుండదు. నాసారంధ్రము గుండనే ఎండోస్కోపు పంపి, పెరిగిన కండను తీసి, ద్వారమును విశాలము చేయుదురు. కన్ను, మెదడు చేరువనే యున్నందున అరుదుగా వానికి హాని కలుగవచ్చును. కావున ముందుగా సి.టి. స్కాన్ తీయుదురు.

శస్త్రచికిత్సతో వ్యాధి స్వభావము పోదు. మందు లోపలికి చేరుటకు దారి యేర్పడును. పిమ్మట కడుగుట, స్ప్రే మానినవారికి బాధ తిరిగి రావచ్చును.

బడ్జ్ బడ్జ్ రైలు చేరు సియాల్దా స్టేషను చేరువనే నీల్‌రతన్ సర్కార్ వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. అచ్చట చెవి, ముక్కు, గొంతు విభాగమున్నది. కన్ను వాచుట, చూపు మందగించుట, జ్వరముతో మెడ బిగుసుకొనుట కనబడినచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను.